మైనం కలిపిన ఆముదం

ముత్తియాల్‌పేట, పుదుచ్చేరి
వైశాఖ బహుళం, బుధవారం

నన్ను పెంచిన అక్క లచ్చుమమ్మ పాదాలకు తమ్ముడు నరసింహులు దణ్ణం పెట్టి రాసుకునే సంగతులు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, చిట్టి, కొట్టంలో గేదె, అందరూ బాగున్నారని తలుస్తాను. బావ నడుము నొప్పి తగ్గిందా, నేను పంపిన డబ్బుకు మగ్గానికి నూలు వచ్చిందా? చలికి పగిలిన చిట్టి బుగ్గలు మానాయా? వాన పడిందా అని అడగను. పడి ఉంటే కిందటి ఉత్తరంలో మొదటి మాటే అది రాయించేదానివి.

నేను బాగున్నానని ఇంకోసారి కూడా రాస్తున్నాను. ఎందుకంటే కిందికి పోయేకొద్దీ నువ్వు నమ్మవు. బావా, ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి ఒక్క మాట. అరుగు మీద కూర్చుని ఊరందరికీ వినపడేట్టు చదవొద్దు. లోపల కూర్చుని గొంతు తగ్గించి చదువు.

మన ఊరి ఓబులేసు రేపు పొద్దున రైలెక్కుతున్నాడు. ఈ ఉత్తరమూ, దాంతో పాటు ఒక నీలి గుడ్డ ముక్కా అతని మూటలో పెట్టి పంపుతున్నాను. గుడ్డ ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో చెబుతాను. ముందు ఇక్కడి సంగతులు విను.

సముద్రం పక్క ఊరు, ఇక నీ ఒళ్ళు పగలదు పోరా అని మనవాళ్ళంతా నన్ను సాగనంపారు. నేనూ నమ్మాను. పెన్న ఇసుక మీదుగా వచ్చే గాలికి మన కాళ్ళూ చేతులూ బూడిద పూసినట్టు తెల్లబడేవి కదా. నవ్వితే పెదవి చీలుతుందని చలికాలమంతా మనం నవ్వు కూడా దాచుకునేవాళ్ళం. ఆ బాధ ఇక్కడ ఉండదనుకున్నాను. వచ్చిన కొత్తలో నిజంగానే ఒళ్ళంతా జిగట. ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు కూడా తుప్పు పట్టి చేతిలోకి ఊడి వచ్చేవి. వైశాఖం రాగానే గాలి మొహం తిప్పుకుంది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాటే దాకా పడమటి నుంచి వేడిగాలి. మన ఊరి గాలే నన్ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చిందా అనిపిస్తుంది. దీన్ని ఇక్కడివాళ్ళు కత్తిరి అంటారు. సాయంత్రానికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది గానీ, అది ముందు కాలువ అవతలి దొరల మేడలకు తగలాలి. వాళ్ళు వాడుకోగా మిగిలింది మా పేటకు వస్తుంది.

తిండికి లోటు లేదు. మూడు పూటలా అన్నమే. జొన్నరొట్టె అంటే ఇక్కడ నవ్వుతారు. నువ్వు తట్టిన రొట్టె మీద వెన్న వేసుకుని తినాలని ఉందని రాస్తే ఏడుస్తావు కాబట్టి అది రాయను. మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఈ వీధిలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. సగం మాట తెలుగు, సగం అరవం. తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. గోడ మీది కాగితం నేను చదివితే గారడీవాణ్ణి చూసినట్టు చూస్తారు. అలాంటి గొప్ప తప్ప నాకు ఇక్కడ వేరే గొప్పేమీ లేదు.

నేనుండేది మంగమ్మత్త ఇంట్లో. ఈ వీధికంతా ఆమె అత్తే. మొగుడు పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. ఒక పెంకుటిల్లు, దాని ముందు అరుగు, పక్కన గోడకు ఆనించి దింపిన వార. ఆ వారలో నన్ను ఉండనిచ్చింది. తన చెమటతో కట్టుకున్న ఇల్లు అని రోజుకు ఒకసారైనా అంటుంది. ఆమె పని చేసే నీలి కొట్టంలోనే నన్నూ పెట్టించింది. ముప్పై ఏళ్ళుగా అందులో ఉన్న మనిషి, ఆమె మాటకు అప్పట్లో విలువ ఉండేది.

కొట్టం పని ఏమిటంటే, తెల్ల గుడ్డను తడిపి, మడిచి, నీలిమందు తొట్లలో ముంచి, ఆరేసి, మళ్ళీ ముంచడం. నలుపు తిరిగిన నీలం వచ్చే దాకా ముంచుతూనే ఉండాలి. ఇంత గుడ్డ ఎవరు కడతారని మొదట్లో అడిగాను. ఓడల్లో ఆఫ్రికా దేశానికి పోతుందట. అక్కడ అంతా ఎండా ఇసుకేనట. ఈ గుడ్డ నీలం ఒంటికి అంటుకుంటే చర్మం పగలదని అక్కడివాళ్ళు ఏరికోరి కట్టుకుంటారట. ఎంత బాగుందో చూడు. వాళ్ళ ఒళ్ళు పగలకుండా ఉండటానికి మా చేతులు పగలాలి. తొట్టిలో నీలిమందుతో పాటు సున్నం కలుపుతారక్కా. ఆ నీళ్ళలో పొద్దంతా చేతులు పెట్టి, బయటికి తీయగానే ఈ పడమటి గాలి. మన ఊరి గాలి ఒక చలికాలమంతా చేసే పని ఇక్కడ సున్నం ఒక వారంలో చేసిపెడుతుంది.

కత్తిరి మొదలైన నాలుగో రోజు అన్నంలో చెయ్యి పెట్టలేకపోయాను. పులుసు తగిలి కళ్ళ నీళ్ళు వచ్చాయి. మంగమ్మత్త చూసింది.

“ఏంది తంబీ, పులుసు అంత బాగుండాదా, ఏడస్తా తింటా ఉండావు?”

“చేతులు పగిలినాయత్తా.”

“యాడ, చూపించు. అయ్యో పావం. ఇదొక పగులా? నా చేతులు చూడు.”

చూశాను. వేళ్ళ కణుపుల దగ్గర చీలికలు, వాటి లోపల నీలం, ఇంకా లోపల ఎరుపు. కొబ్బరినూనె రాస్తుందట. “రాసినంత సేపే తంబీ. ఆనక యాడికి పోతాదో పోతాది” అంది. ఎప్పుడు రాస్తావని అడిగితే, పొయ్యి దగ్గర చేతులు బాగా ఆరబెట్టుకుని రాస్తానంది.

అప్పుడు నీ మాట ఆమెకు చెప్పాను. నూనె తడిని తీసుకురాదురా, ఉన్న తడి పోకుండా తలుపేస్తుంది, ఎండిన ఒంటికి నూనె రాస్తే ఖాళీ ఇంటికి తాళం వేసినట్టు అనేదానివి కదా. వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చన చాలు. సున్నిపిండితో గట్టిగా రుద్దొద్దు, పెసరపిండిలో మీగడ కలుపు. ఒళ్ళు తుడుచుకోకుండా తడి మీదే రాయి. నా చిన్నప్పుడు నేను బావి దగ్గర నుంచి పారిపోతుంటే తడి కాలు పట్టుకుని మరీ రాసేదానివి. అవన్నీ చెప్పి, నీ మందు కుండ తెచ్చి ముందు పెట్టాను.

ఆ కుండ మా దగ్గరికి వచ్చిన కథ నీకు తెలియదు. ఉగాదికి ఓబులేసు చేత పంపావు కదా. ఆముదం వండి, తేనెమైనం కరిగించి కలిపి, గుడ్డలో వడగట్టి, అరిటాకు మూసి, పైన మట్టి మెత్తి పంపావు. ఫ్రెంచివాళ్ళ హద్దు దగ్గర సుంకం జవాను ఆ మట్టి పగలగొట్టి, ఇదేమిటన్నాడట. కాళ్ళ పగుళ్ళ మందన్నాడు ఓబులేసు. జవాను నమ్మక, కర్రపుల్ల పెట్టి అడుగు దాకా కెలికాడట. చివరికి తన మడమలకు ఇంత రాసుకుని వదిలిపెట్టాడట. నీ మందుకు దక్కిన రాజమర్యాద అది.

ఎనిమిది రోజుల్లో మంగమ్మత్త చేతుల పగుళ్ళు పూడుకున్నాయి. నావి కూడా. సాయంత్రం కొట్టం నుంచి రాగానే ఇద్దరం చేతులు కడుక్కుని తడి మీదే మందు రాసుకునేవాళ్ళం. ఆమె అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చేతులు చూపించేది. “మా తంబి వాళ్ళక్క పంపించింది, యాడో ఎండిపోయిన దేశంలో ఉంటాదంట, ఆమెకు తెలియని పగులు లేదు” అని చెప్పేది. నిన్ను చూడకుండానే నీకు ఈ వీధిలో ఇంత పేరొచ్చింది.

అక్కా, ఆ మందు ఇక పంపొద్దు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నీలి కొట్టంలో అన్నిటికన్నా పెద్ద నేరం చేతికి నూనె ఉండటం. తెల్ల గుడ్డకు నూనె తగిలితే అక్కడ రంగు పట్టదు, ఎన్నిసార్లు ముంచినా తెల్లగానే ఉంటుంది. అందుకని పొద్దున లోపలికి వెళ్ళే ముందు బూడిదతో, కుంకుడు రసంతో చేతులు కడుక్కుని, తలుపు పక్కన ఉన్న ఎండిన ఇటుక మీద అరచెయ్యి ఒత్తాలి. మేస్త్రీ పక్కన నిలబడి చూస్తాడు. నీళ్ళ గుర్తు అయితే కాసేపటికి ఆరిపోతుంది. నూనె గుర్తు ఆరదు. గుర్తు నిలిచినవాడికి ఆ రోజు పని లేదు.

ఆ ఇటుక సంగతి తెలిసే మేము మందు రాసుకున్నాం. తెల్లారి బూడిదతో తోముకుని, ఇటుక మీద చెయ్యి పెడితే ఏ గుర్తూ నిలవలేదు. ఎనిమిది రోజులూ నిలవలేదు. మేము కడుగుతున్నది పైన ఉన్న ఆముదాన్నేనని, పగుళ్ళ లోపల మైనం గడ్డకట్టి ఉందని మాకు తట్టలేదు. పొద్దుటి చల్లదనానికి మైనం గట్టిగా ఉంటుంది, ఇటుకకు అంటదు. పొద్దెక్కి, కత్తిరి వేడికి అరచేతులు కాగితే మెల్లగా కరుగుతుంది. మైనం కలిపితే మందు చేతిని వదలదని నువ్వు మురిసిపోయేదానివి కదా. నిజమే, వదల్లేదు.

నా పని తడి గుడ్డను మడతలు పెట్టి, మడత మడతకూ రెండు అరచేతులూ ఆన్చి ఒత్తి, లోపలి గాలి పోగొట్టడం. లేకపోతే తొట్టిలో గుడ్డ తేలుతుంది. ఒకరోజు మధ్యాహ్నం తొట్టిలోంచి తీసి విప్పిన కట్టలో, నీలం మధ్య తెల్లటి మరకలు కనిపించాయి. చాలా వాటికి రూపం లేదు, అలుక్కుపోయినట్టు ఉన్నాయి. చివరి గుడ్డ అంచున మాత్రం ఒక చెయ్యి పడింది. అయిదు వేళ్ళూ విడివిడిగా, శుభ్రంగా. ఎడమ చెయ్యి. చిటికెన వేలు మొదటి కణుపు దగ్గర బయటికి వంగి ఉంది.

నువ్వు రోట్లో ఆముదపు గింజలు దంచుతుంటే నేను చెయ్యి పెట్టి రోకలి కింద నలగ్గొట్టుకున్న వేలు అది. నా తప్పేనని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు ఒప్పుకోవు కదా, కట్టు సరిగ్గా కట్టలేకపోయానని ఇప్పటికీ ఏడుస్తావు. ఆ వేలే.

మేస్త్రీ అందర్నీ వరసలో నిలబెట్టాడు. ఆడవాళ్ళు ముందు, మేము వెనక. ఆ గుడ్డ కింద పరిచాడు.

“ఎవురి చెయ్యి ఇది? చెప్తారా, ఒక్కొక్కరినీ వాసన చూడల్నా?” అన్నాడు.

ఒక్కొక్కరి చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ వచ్చాడు. వరసలో మూడో మనిషి మంగమ్మత్త. ఆమె చేతులు పట్టుకుని ఆగాడు. “ఇది ఆముదం గదా” అన్నాడు.

ఆమె కింద ఉన్న గుడ్డ వంక చూసింది. తర్వాత తల తిప్పి నా వంక చూసింది. నా చేతులు అప్పటికే పంచె మడతలో ఉన్నాయి. అవి ఎప్పుడు అక్కడికి పోయాయో నాకు తెలియదని రాస్తే అబద్ధం. తెలుసు.

“ఆమా, నాదే” అంది మంగమ్మత్త.

అంతే. మేస్త్రీ మిగతావాళ్ళ వాసన చూడలేదు. మనిషి దొరికితే చాలు, ఇక నిజం ఎందుకు? ఆ గుడ్డ మీది చెయ్యి ఆమె చేతికి ఒకటిన్నర రెట్లు ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులను ఇటుక మీద చూసినవాడే, ఒక్కసారి ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టి చూడలేదు. గుమాస్తా వచ్చి రెండు ముక్కలు అరిచి, పొమ్మన్నాడు. చెడిన గుడ్డను చెడగొట్టినవాళ్ళకే ఇచ్చి పంపడం ఇక్కడి ఆచారం. ఊరికే ఇస్తున్నారని అనుకోవద్దు. ఆ గుడ్డ పట్టుకుని వీధిలో నడిస్తే, పని ఎందుకు పోయిందో ఎవరూ అడగనక్కర్లేదు. మిగతా మరకల గుడ్డలను చీల్చి తొట్లు తుడవడానికి వాడారు. చెయ్యి పడిన ముక్కను ఆమె భుజం మీద వేసి గేటు బయటికి పంపారు.

నేను సాయంత్రం దాకా గుడ్డలు మడిచాను. ఆ రోజు నా పని బాగుందని మేస్త్రీ అన్నాడు కూడా.

ఇంటికి పోయేసరికి ఆమె నా కోసం అన్నం వండి పెట్టి ఉంది. నేను తినలేదు.

“ఎందుకత్తా అట్ల చెప్పినావు?” అన్నాను.

“అబద్ధం ఏముండాది అందులో? నేనూ రాసుకున్నా గదా. వాసన పట్టినాడు గదా.”

“చెయ్యి నాది.”

“నీది అని నాకు తెలియదా? దినమూ ఆ వంకర వేలికి అన్నం పెట్టేదాన్ని నేను.” చెంబుతో నీళ్ళు తెచ్చి కంచం పక్కన పెట్టి అంది. “నీకు ఇంకా ముప్పై ఏండ్లు చాకిరీ ఉండాది తంబీ. నాకేముంది? యాడ మీ బావ మగ్గం నిలిచిపోతాదో అని నువ్వు దినమూ ఏడస్తా ఉంటివి గదా. పో, తిను.”

ఆ తర్వాత గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. “దీన్ని మీ అక్కకి పంపించేయ్. రవికకు పనికొస్తాది. ఈ ఊర్లో వద్దు” అంది. రవికకని అందిగానీ, ఎందుకు వద్దందో నాకు అర్థమైంది. ఎవరైనా ఆ వేలు చూస్తారని. నేను సరేనన్నాను. సరేనని ఎంత తొందరగా అన్నానో తలచుకుంటే ఇప్పుడు నోరు చేదెక్కుతోంది.

ఇది జరిగి పది రోజులయింది. ఆమెకు వేరే కొట్టంలో పని ఇవ్వలేదు. చెడిన గుడ్డ తీసుకుపోయిన మనిషని అందరికీ తెలిసింది. ఇక్కడికి దగ్గర బాహూరు పల్లెలో ఆమె మరిది ఉన్నాడు, వ్యవసాయం. వచ్చి మా దగ్గర ఉండు, ఇల్లు అద్దెకిద్దాం అని కబురు పెట్టాడు. శుక్రవారం బండి వస్తుంది. మరిది పెళ్ళాం నోరు ఎలాంటిదో ఈ వీధికంతా తెలుసు. తోడికోడలి ఇంట్లో మాటలు పడుతూ తినే కూడు కన్నా సున్నం నీళ్ళే మేలని పోయినేడాది మంగమ్మత్తే నాతో అంది. ఇప్పుడు ఆ మాట ఎత్తదు. గిన్నెలు మూట కట్టుకుంటోంది.

ఆమె చేతులు ఇప్పుడు ఎంత బాగున్నాయో చూడాలక్కా. పది రోజులుగా సున్నం తగలకపోయేసరికి పగుళ్ళన్నీ మానిపోయాయి. నీలం కూడా పోతోంది. చిన్నపిల్ల చేతుల్లా మెత్తబడ్డాయి. మొన్న వాటిని ముందు పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటూ, “ఇవి నావేనా తంబీ?” అంది. నీ మందు చెయ్యలేని పని, పని పోవడం చేసింది. నేను మందు మానేశాను. నా చేతులు మళ్ళీ పగిలాయి. ఈ కాగితం మీద అక్కడక్కడా కనిపించే మరక సిరా కాదు. నువ్వు బాధపడొద్దు, అంత నొప్పిగా ఏమీ లేదు, బాగానే ఉన్నాను. నూనె, మైనం లేకుండా చేతులకు ఏదైనా దారి ఉంటే రాయించు. కలబంద గుజ్జు రాస్తే నిలుస్తుందా? బియ్యం కడిగిన నీళ్ళు మంచివని ఒకామె చెప్పింది, నాకు నమ్మకం లేదు.

మొదట ఈ ఉత్తరాన్ని నిన్ను అడగడానికే మొదలుపెట్టాను. నేను వెళ్ళి ఒప్పుకోవాలా, నా పని పోతే బావ మగ్గానికి నూలు ఎలా వస్తుంది, నువ్వే చెప్పు అని రాద్దామనుకున్నాను. ఓబులేసు ఊరు చేరి, నువ్వు జవాబు రాయించి, అది నాకు అందేసరికి ఇరవై రోజులు పడుతుంది. శుక్రవారం బండి వచ్చేస్తుంది. అంటే నీ జవాబు వచ్చేటప్పటికి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒకటే. అందుకేనేమో నిన్ను అడగాలని నాకు అంత బుద్ధి పుట్టింది.

ఇంతవరకూ రాసి పెట్టి బయటికి వచ్చాను. మంగమ్మత్త అరుగు మీద ఉంది.

“మీ అక్కకి ఏమి రాసినావు? చదువు తంబీ, వింటా.”

చదివాను. గాలి సంగతి, దొరల మేడల సంగతి, సుంకం జవాను మడమలకు రాసుకున్న సంగతి. నవ్వింది. ఇటుక దగ్గరికి వచ్చేసరికి కాగితం తిప్పేసి, పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు అని అందులో లేనివి చదివి ముగించాను. అక్షరం రాని మనిషి ముందు చదువుకున్నవాడు ఏదైనా చదవవచ్చు.

ఆమె కాగితం మీద వేలు పెట్టి, “నా మాట కూడా ఒకటి రాయి” అంది. “మీ తమ్ముడు మంచోడు, ఎవురికీ చెరుపు చేసే రకం కాదు, వాడి గురించి దిగులు పడొద్దు అని మంగమ్మ చెప్పిందని రాయి.”

రాశాను. పైన ఇప్పుడే నువ్వు విన్నావు కదా, అదే. రాసింది చదివి వినిపించమంది. గారడీ చూసినట్టు నా నోటి వంక చూస్తూ కూర్చుంది. ఆ ఒక్క వాక్యం చివరి దాకా చదవలేకపోయానక్కా. రెండుసార్లు మొదలుపెట్టాను. “ఏంది తంబీ, నువ్వు రాసింది నీకే తెలియలేదా?” అంది.

వారలోకి వచ్చి, ఓబులేసు కోసం కట్టిన మూట విప్పాను. గుడ్డ బయటికి తీశాను. అందుకని ఉత్తరంతో గుడ్డ రాలేదేమని వెతకొద్దు, ఓబులేసును తిట్టొద్దు. అతను దొంగిలించలేదు. ఈ గుడ్డ ఊరు దాటితే ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికి ఇక్కడ ఏమీ మిగలదు. రేపు పొద్దున పని మొదలయ్యే వేళకు, అందరూ ఇటుక దగ్గర నిలబడి ఉన్నప్పుడు, దీన్ని ఆ పక్కనే పరుస్తాను. దాని మీద నా ఎడమ చెయ్యి పెడతాను. మేస్త్రీ చెవికి నా మాట ఎక్కకపోయినా, కంటికి ఆ వేలు కనపడుతుంది.

ఆమెను తిరిగి పనిలోకి తీసుకుంటారని నాకు పెద్ద నమ్మకం లేదు. ఆమె కూడా ఆముదం రాసుకుంది కదా అంటారు. అబద్ధం చెప్పింది కదా అంటారు. ఇద్దరినీ పొమ్మన్నా పొమ్మంటారు. అప్పుడు ఇద్దరి చేతులూ మెత్తబడతాయి. బావా, నీ మగ్గం సంగతి మరిచిపోయి ఈ పని చేస్తున్నానని అనుకోవద్దు. పది రోజులు దాన్ని గుర్తుపెట్టుకునే నోరు మూసుకున్నాను. నూలు ఇంకెక్కడైనా సంపాదిస్తాను, కాస్త ఆలస్యమవుతుంది, కోపగించుకోకు.

అక్కా, ఈ వేలు చూసినప్పుడల్లా ఏడవడం ఇక మానెయ్. అది అలా వంకరగా అతకబట్టే రేపు నా మాట నమ్ముతారు. చిట్టికి స్నానం అయ్యాక తడి ఆరకముందే మందు రాస్తున్నావా? రాయి. అక్కడ ఇటుకలు లేవు. నన్ను దీవించి, మంగమ్మత్తను కూడా నీ పెద్దల్లో ఒకరిగా తలచి ఒక దణ్ణం పెట్టు. మన వీధి పెద్దలందరికీ నా నమస్కారాలు, ఈసారి నిజంగానే రాస్తున్నాను.

నీ చేతుల్లో పెరిగిన తమ్ముడు,
నరసింహులు

బావా, గొంతు తగ్గించి చదవమని పైన రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను. అరుగు మీద కూర్చుని గట్టిగానే చదువు.